జాజు కింది నెత్తురు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. నా ఉద్యోగం అలాంటిది. నేరం జరిగిన చోట కనిపించే మరక నెత్తురా, తుప్పా, ఆకువక్క ఉమ్మా అని తేల్చాలి. చేత్తో పట్టుకునే స్పెక్ట్రోమీటర్ ఉంటుంది. మరక మీద వెలుతురు వేస్తే, తిరిగొచ్చిన వెలుతురును విడదీసి గీతగా చూపిస్తుంది. నెత్తురు గీత వేరు, ఎర్రమన్ను గీత వేరు. మనిషి నెత్తురుకూ జంతువు నెత్తురుకూ గీతలు వేరే. పచ్చి నెత్తురు గీతకూ పాతదాని గీతకూ పోలిక ఉండదు. ఇందులో దయ్యానికి చోటెక్కడ?

మొన్న వేసవిలో కళ్యాణదుర్గం దగ్గరి పల్లెకు పంపారు. ఒక రైతు ఉగాది ముందు నుంచి కనిపించడం లేదు. తమ్ముడితో బోరు నీళ్ల గొడవ ఉండేదట. పోలీసులు తమ్ముణ్ణి పట్టుకెళ్లారు. ఇంట్లో వాళ్ల తల్లి నాగమ్మ ఒక్కతే ఉంది. మనిషి నెత్తురు దొరికితేనే కేసు నిలుస్తుంది.

బోరు పక్కన రాయి మీద నల్లటి చార ఉంది. నీళ్లు పడ్డప్పుడు కోసిన పొట్టేలుదని నాగమ్మ చెప్పింది. నిజమే. పాత నెత్తురు, జంతువుది.

ఇంటి లోపలి గోడకు జాజు పూసి ఉంది. పండగొస్తే మా వైపు అందరూ పూసే ఎర్రమన్నే. మిట్టమధ్యాహ్నం, గోడ ముట్టుకుంటే పొడి రాలుతోంది. పెచ్చు ఊడిన చోట వెలుతురు వేశాను. మనిషి నెత్తురే. కానీ పచ్చిది. అప్పుడే ఒంట్లోంచి కారినంత పచ్చిది.

మిషన్ చెడిందేమోనని బయటికెళ్లి రాయి మీద పెట్టాను. పాతదనే చూపింది. లోపలికొచ్చి పెడితే మళ్లీ పచ్చిదే.

"ఏం మేడం, అట్ల నిలబడినారు?" అన్నాడు నా వెంట వచ్చిన కానిస్టేబుల్. నేను ఇంకోసారి గోడ మీద వెలుతురు వేశాను. అతను ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు.

గడపలో కూర్చున్న నాగమ్మ నా వైపు చూసింది.

"ఇంగా ఆరలేదా తల్లీ? ఎన్నిసార్లు జాజు పూసినా తడే. పెద్దోడు యాడికీ పోలేదు, ఈడనే ఉండాడు. నాకు మిగిలింది చిన్నోడొక్కడే, వాన్ని ఇడ్సిపెట్టు నాయనా అని రోజూ చెప్తాండా. ఇనడు."

ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చేదాన్నేమో. పక్కింట్లో చారెడు ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పింది. చచ్చేంత భయమేసింది. ఆ చోటే ఒక పెచ్చు గీకి కవర్లో వేసుకుని, వెనక్కి చూడకుండా వచ్చి జీపెక్కాను.

ల్యాబులో అదే పెచ్చు నెలల కిందటి నెత్తురని తేలింది. రిపోర్టులో అదే రాశాను. గోడ దగ్గర తీసిన గీతలు మాత్రం మిషన్‌లో ఇప్పటికీ పచ్చివే. ఎండ వల్లనేమో అన్నారు మా సారు. ఎండకు నెత్తురు తొందరగా పాతబడుతుంది గానీ పచ్చిబడదని ఆయనకూ తెలుసు.

ఆ రిపోర్టు చూపించాక చిన్నోడు నేరం ఒప్పుకున్నాడు. మొన్న ఆ కానిస్టేబుల్ కనిపిస్తే నాగమ్మ ఎలా ఉందని అడిగాను. గోడకు జాజు పూయడం మానేసిందట. ఎందుకవ్వా అంటే, "ఆరిపోయినాదిలే. ఇంగ ఇంట్లో ఎవురూ లేరు" అందట.

మళ్లీ వెళ్లి ఆ గోడ చూసి రమ్మన్నారు మా సారు. ఇంతవరకూ నేను వెళ్లలేదు.