నడుము నొప్పి అని చెప్పుకున్న జబ్బు

మా ఇంట్లో దేవునర్ర వంటింటి పక్కనే ఉండేది. రెండో కాన్పయిన ఆరు నెలలకు నేను ఆ గడప తొక్కడం మానేశాను. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, వత్తి చేతపట్టుకుని నిలబడేదాన్ని. ఒక్క దగ్గు వస్తే చాలు, లోపలి బట్ట తడిసేది. మూత్రం తడితో దేవుణ్ణి ఎట్లా ముట్టుకోను? మళ్లీ స్నానం చేసి వచ్చినా అంతే. నాలుగు రోజులు చూసి వత్తి మా ఆయన చేతికిచ్చి, "నడుము నొప్పి, వంగలేకపోతున్న" అన్నాను. ఆయన ప్రమిదలో పోసిన నూనె కంటే దేవుడి పీట మీద ఒలకబోసిందే ఎక్కువ. నేను గడప ఇవతలి నుంచి చూస్తుండేదాన్ని.

గడప ఇవతల అప్పటికే ఒక పీట ఉండేది, మా అత్తది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె అక్కడే కూర్చుని దండం పెట్టేది. "మోకాళ్లు పిల్లా, లోపలికి పోయి కూసుంటే లేవనియ్యవు" అనేది. ఇప్పుడు ఆ పీట పక్కన నా పీట కూడా చేరింది.

ఇది ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఐదారేండ్లకు. మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల తూకం దగ్గర గుమాస్తా. నాది మాక్లూర్ దిక్కు, పసుపు పండించే ఇల్లు. బడికి పోలేదు. మా బాపు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించేవాడు. ఆయన పుణ్యమాని కనబడ్డదల్లా చదివేదాన్ని. ఏది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకునే దాకా నాకు నిద్ర పట్టేది కాదు. అట్లాంటిదాన్ని, నా ఒంట్లో ఏం జరుగుతున్నదో మాత్రం చూసుకోలేదు.

మా దిక్కు అప్పట్లో ఆడది డాక్టరు ముందు నోరు తెరిచే వాడుక లేదు. ఇంటి మగాయన కుర్చీలో కూర్చుని జబ్బు చెప్పేవాడు. జబ్బు మనిషి కొంగు కప్పుకుని వెనక బల్ల మీద కూర్చునేది. నేను అత్తతో "నడుము దగ్గర బాగలేదు" అన్నాను. ఆమె కొడుకుతో "నడుము నొస్తున్నదట" అన్నది. ఆయన బోధన్ డాక్టరుతో "నడుము పట్టేసింది సాబ్" అన్నాడు. ఆ డాక్టరు తైలం రాసిచ్చి, బెల్టు బిగించి కట్టమన్నాడు. ఆయన తప్పేం లేదు. విన్న జబ్బుకు సరైన మందే ఇచ్చాడు. బెల్టు బిగిస్తే పొట్ట నొక్కుకుపోయి ఇంకా ఎక్కువ పడేది.

నెల తర్వాత ధైర్యం తెచ్చుకుని మా ఆయనకు "నడుము కాదు, మూత్రం కాడ ఇబ్బంది" అని చెప్పాను. ఆయన ఇంకో మాట అడగకుండా నిజామాబాద్ తీసుకుపోయాడు. మూత్రం జబ్బులకు ఆ డాక్టరుకు పెద్ద పేరు. బయటి గదిలో ఒక గాజు సీసా, దాని నిండా ఆయన మనుషుల లోపలి నుంచి తీసిన రాళ్లు. శనగ గింజంతవి, రేగుపండంతవి, ఒకటైతే చిన్న ఉసిరికాయంత ఉంది. నేను సీసాకు ముఖం ఆనించి చూస్తుంటే మా ఆయన దగ్గి పిలిచాడు.

"మంట ఉన్నదా, నొప్పి ఉన్నదా?" డాక్టరు మా ఆయననే అడిగాడు. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. సిగ్గుతో తల దించుకున్నాను. దించిన తలను ఆయన అవునన్నట్టు అనుకున్నాడు.

"రెండు ఉన్నయి డాక్టర్ సాబ్."

రాళ్లేనని తేల్చి రాసిచ్చాడు. ఉలవకట్టు, బార్లీ నీళ్లు, అవి గాక దాహమున్నా లేకున్నా చెంబుల కొద్దీ మంచినీళ్లు. పదిహేను రోజులు భక్తిగా తాగాను. ఏమయి ఉంటుందో మీరే ఊహించుకోండి. రోజుకు నాలుగు చీరలు ఉతుక్కున్నాను.

ఆ చీరలే నన్ను ఒడ్డున పడేశాయి. గోడ అవతల కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. కాలువ కింద భూమి కొని, పిల్లల చదువు కోసం బోధన్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంటావిడ తీగ మీద బట్టలు చూసి గోడ మీది నుంచి పలకరించింది.

"పసివాడి బట్టలంటే సరే. నాలుగూ మీ చీరలేనేంటండీ?"

"నడుము నొప్పి వదినా."

"నడుము నొప్పికి చీరలు తడుస్తాయా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు అదీ వచ్చింది. కాళ్లు దగ్గరగా పెట్టుకుని కొయ్యబారి నిలబడ్డాను. ఆవిడ చూసింది.

"అదా సంగతి. మూడో కాన్పు తర్వాత నాకూ అంతేనండీ."

ఆ మాటతో నోరు పెగిలింది. బెల్టు, ఉలవకట్టు అన్నీ చెప్పాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ జబ్బు ఆయన చేత చెప్పిస్తే మందూ ఆయనకే పొయ్యండి. ఉలవకట్టుకు కాస్త బలమైనా వస్తుంది" అన్నది. నిజామాబాద్‌లో తనకు నయం చేసిన లేడీ డాక్టరు ఇల్లు గుర్తులు చెప్పింది. "జబ్బు పేరేం చెప్పొద్దు. ఎప్పుడు పడుతుందో, ఏం చేస్తే పడుతుందో చూసుకుని వెళ్లండి. అది ఎవరు చూడాల్సిన జబ్బో ఆవిడే చెబుతుంది."

అన్ని ఇండ్లుండగా ఆవిడకు ఆ గోడ పక్క ఇల్లే దొరకడం దేవుడి దయ అని ఇప్పటికీ అనుకుంటాను.

వారం రోజులు నన్ను నేను కనిపెట్టి చూశాను. నీళ్ల బిందె ఎత్తితే పడుతుంది, దించితే పడదు. మిరపకాయలు దంచుతూ తుమ్మితే పడుతుంది. నిలబడి దగ్గితే ఎక్కువ, కూర్చుని దగ్గితే తక్కువ. పడుకుంటే ఒక్క చుక్క లేదు. మంట లేదు, నొప్పి లేదు, రంగు మారలేదు. గానుగలో చెరుకు లెక్క, ఒత్తిడి పడితేనే వస్తున్నది. ఇంత తెలిశాక ఏడుపు తగ్గి, ఎందుకట్లా అనే ఆలోచన పట్టుకుంది.

గానుగ సీజను కావడంతో మా ఆయనకు సెలవు దొరకలేదు. అత్త, నేను రైలెక్కాం. డాక్టరమ్మ ముందు కుర్చీలో పెద్దరికంగా అత్తే కూర్చుంది.

"మా కోడలికి నడుము..."

"అవ్వా, కోడలికి నోరు లేదా? ఆమెనే చెప్పనియ్యి."

చూసినదంతా చూసినట్టు చెప్పాను. డాక్టరమ్మ పరదా వెనక పరీక్ష చేసింది, దగ్గమన్నది, నిలబెట్టి మళ్లీ దగ్గమన్నది.

"లోపల ఏమైంది డాక్టరమ్మా? నాకు తెలవాలె" అన్నాను.

ఆమె కాగితం తీసుకుని మూత్రం సంచి బొమ్మ గీసింది. సంచి కింద అడ్డంగా పట్టీలు గీసింది. "మీ ఇంట్ల నవారు మంచం ఉన్నదా? నవారు వదులైతే మనిషి కిందికి దిగుతడు గదా. నీ సంచి మంచిగనే ఉన్నది, రాళ్లు లెవ్వు. కాన్పులకు కింది నవారు వదులైంది. దగ్గినప్పుడు సంచి దిగుతున్నది, మూతి ఆగుతలేదు."

"నవారును మళ్ల గుంజి కడ్తం గదా. దీన్ని?"

"నువ్వే గుంజాలె. మూత్రం ఆపుకునేటప్పుడు ఎట్ల బిగబడ్తవో గట్ల లోపలికి పట్టి, పది లెక్కపెట్టి వదులు. మూడు పూటలు చెయ్యి. బిందెలు ఎత్తకు. మూడు నెలలకు తగ్గకుంటే ఆపరేషన్ సంగతి చూద్దాం."

రాళ్ల డాక్టరు సంగతి చెప్పాను. ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఆయన చెయ్యి మంచిది. మంట పుట్టినా, ఎర్రగ వచ్చినా, నడుము పక్క నుంచి పొత్తికడుపులకు నొప్పి దిగినా నేనే ఆయన దగ్గరికి పంపుత. కాన్పుల తోని వచ్చింది గాబట్టి ఇది నేను చూడాలె."

లేచాను. అత్త లేవలేదు. మోకాళ్ల నొప్పనుకుని చెయ్యిచ్చాను, పట్టుకోలేదు. ఆమె చూపు కాగితం మీదే ఉంది.

"డాక్టరమ్మా, నవారు మొత్తమే తెగిపోతే?"

"గర్భసంచి కిందికి జారుతది అవ్వా. బయటికి గూడ వస్తది."

"వస్తది" అన్నది అత్త. అడిగినట్టు లేదు, తెలిసినట్టు ఉంది.

డాక్టరమ్మ నాకు కండ్లతో తలుపు చూపించింది.

బయట బల్ల మీద చాలా సేపు కూర్చున్నాను. బోర్డు మీద తెలుగు అక్షరాలు చదివాను. ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు చదవలేక వేలితో గాలిలో దిద్దాను. మనసంతా గడప ఇవతలి పీట మీదే ఉంది.

తిరుగు రైలులో అత్త కిటికీ దిక్కు చూస్తూ కూర్చుంది. "గర్భసంచి జారకుండ లోపల రబ్బరు రింగు పెట్టింది. మూడు నెలలకోసారి రమ్మన్నది" అన్నది. చెరుకు బండ్ల వరుస దాటాక మళ్లీ అన్నది, "నీ మొగడు పుట్టినప్పటి సంది."

"మరి మోకాళ్లు?"

"మోకాళ్లకేమైంది, గుండ్ల లెక్క ఉన్నయి."

బిందెలు మా ఆయన మోశాడు. బావి కాడ ఎవరో నవ్వితే "డాక్టరమ్మ ఆర్డరు" అన్నాడట. నేను పది లెక్కపెట్టే బదులు రామ రామ అని పదిసార్లు అనుకునేదాన్ని. అది తప్పో ఒప్పో ఎవరినీ అడగలేదు.

నాలుగు నెలలకు ఒక శనివారం పొద్దున అత్త తన పీట చేతిలోకి తీసుకుని గడప దాటింది. లోపల పీట వేసుకుని, ప్రమిద తుడిచి, "రా" అన్నది. వత్తి వేశాను. కర్పూరం వెలిగించగానే పొగకు తుమ్మొచ్చింది. ఇద్దరం కదలకుండా ఉండిపోయాం.

"పడ్డదా?" మెల్లగా అడిగింది.

అబద్ధమాడబుద్ధి కాలేదు. "సగం చుక్క."

ఆమె పటం వైపు చూసింది, నా వైపు చూసింది.

"సగం చుక్కకు దేవుడు బయటికి పోతడా? హారతి పట్టు, కర్పూరం అయిపోతున్నది."