కార్బరేటరులో ఎర్ర పోగులు

నా చిన్నప్పుడు మా ఊరి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కారు మా తాతది. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె, పత్తి సేద్యం. కారు అప్పటికే పాతది. ఇప్పుడది ఇంకా పాతబడి నా షెడ్డులో ఉంది, దాంతోపాటు నేనూ పాతబడ్డాను. చేతులకు మసి పూసుకుని తిరుగుతానని మనవరాళ్లు నన్ను మెకానిక్ అవ్వ అని ఆటపట్టిస్తారు. బానెట్ ఎత్తే ముందు నేనొక నిమిషం ఊరికే నిలబడతాను. వయసు మీదపడి అలా నిలబడుతున్నానని వాళ్లనుకుంటారు.

మా తాత మంచివాడే కాని చెప్పుడు మాటలకు ఇట్టే చెవి ఒగ్గేవాడు. ఊళ్లో పెట్రోలు దొరకదు కనుక డ్రైవరన్న కోవిల్‌పట్టి నుంచి డబ్బాలో తెచ్చేవాడు. మా వీధివాడే, వాన పడితే నన్ను బడి నుంచి భుజాల మీద మోసుకొచ్చేవాడు. ఆయన పెట్రోల్లో కిరసనాయిలు కలుపుతున్నాడని టీకొట్టు దగ్గర ఎవరో తాత చెవిలో వేశారు. ఆనాటి నుంచి తాత డబ్బాను తన గదిలో పెట్టించుకున్నాడు. పెట్రోలు తనే పోసేవాడు, అదీ భుజం మీది కొత్త ఎర్ర తుండును గరాటులో పరిచి వడగట్టి మరీ. గరాటు పట్టుకునేదాన్ని నేను. పత్తి పండించే ఇల్లు కదా, పాలైనా నూనైనా గుడ్డలో వడగడితే శుభ్రమైనట్టే మాకు.

ఒకరోజు విరుదునగర్‌లో చిన్నమ్మ ఇంటికి బయలుదేరాం. సాత్తూరు ఇంకా రాకముందే బండి మూడుసార్లు ఆగింది. కాసేపు ఊరుకుంటే మళ్లీ కదిలేది, ఒక మైలు పోయి మళ్లీ ఆగేది. ఎండ నెత్తిన మాడుస్తోంది. మూడోసారికి తాతకు ఒళ్లు మండిపోయింది. కిరసనాయిలు పోసిన బండి ఇంతకంటే ఎలా నడుస్తుందని అరిచాడు. తాను కలపలేదని డ్రైవరన్న ఒక్కసారే చెప్పాడు. తాత వినలేదు, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. పెట్రోలు దొంగ అన్న పేరు పడితే ఒట్టపిడారం నుంచి సాత్తూరు దాకా ఆయన చేతికి స్టీరింగు ఇచ్చేవాళ్లు ఉండరు. ఇంటి దగ్గర ఇద్దరు పసిపిల్లలు. ఆ తర్వాత దారంతా ఆయన వెనక్కి తిరిగి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది.

సాత్తూరులో మన తెలుగు మాట్లాడే ముసలి మెకానిక్ ఒకాయన ఉండేవాడు. కిరసనాయిలు కలిసిందని తేల్చి చెప్పమని తాత కారు దిగకముందే పురమాయించాడు. ఆయన ఏమీ తొందరపడలేదు. ముందు ప్లగ్గు విప్పి నిప్పు రవ్వ సరిగా వస్తోందో లేదో చూశాడు. తర్వాత తెల్లకాగితం మీద రెండు చుక్కల పెట్రోలు వేసి ఎండలో పెట్టాడు. కిరసనాయిలు ఉంటే జిడ్డు మరక మిగులుతుందట. నలుగురం ఆ కాగితం చుట్టూ నిలబడ్డాం. చుక్కలు ఆరిపోయాయి, మరక లేదు. అయినా తాత పట్టు విడవలేదు, మరి బండి ఎందుకు ఆగుతోందన్నాడు.

మెకానిక్ కార్బరేటరు విప్పాడు. పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రంలోంచి సూదితో ఏదో లాగాడు. పోగులు. ఇంజను గట్టిగా పీల్చినప్పుడు అవి వచ్చి రంధ్రానికి అడ్డం పడతాయట, బండి ఆగగానే కిందికి జారిపోతాయట. కాస్త ఆగితే మళ్లీ నడుస్తున్నది అందుకే.

ఆ పోగులు ఎర్రగా ఉన్నాయి. గరాటు పట్టినదాన్ని, అవి ఎక్కడివో నాకు వెంటనే తెలిసింది. మెకానిక్ చూపు ఒక్కసారి తాత భుజం మీదికి పోయి వచ్చింది.

“సెయ్యి సాపండయ్యా,” అన్నాడు. ఆ తడి పోగులు తాత అరచేతిలో పెట్టాడు.

తాత ఆ పోగులను వేలితో విడదీసి చూశాడు. వాటిని విసిరేసి కారెక్కితే అడిగేవాళ్లు లేరు. నేను చచ్చినా బయటపెట్టి ఉండేదాన్ని కాదు. అప్పుడు తాత భుజం మీది తుండు తీశాడు. మా వైపు అది చిన్న సంగతి కాదు. మా ఇంటికి పనిమీద వచ్చినవాళ్లు తుండు తీసి చంకలో పెట్టుకుని తాతతో మాట్లాడేవాళ్లు. తాత మాత్రం ఎవరి ముందూ తీయగా నేను చూడలేదు. ఆరోజు దాన్ని చంకలో పెట్టుకుని డ్రైవరన్న ముందుకు వెళ్లాడు. ఎప్పుడూ ఆయన్ని ఒరే అని పిలిచే మనిషి, ఇప్పుడు అప్పా అన్నాడు.

“తప్పు నాదప్పా. నా సెయ్యి ఏం సేసిందో నేను సూసుకోలా. నిన్ను దొంగంటిని.”

డ్రైవరన్న కళ్లు తుడుచుకున్నాడు. “పాపకు ఆకలిగా ఉంటాది, పోదాం అయ్యా,” అన్నాడు.

మెకానిక్ ట్యాంకు, గొట్టం కడిగి ఇచ్చాక విరుదునగర్ దాకా బండి ఎక్కడా ఆగలేదు. ఊరికి తిరిగొచ్చాక తాత టీకొట్టు దగ్గర, పుకారు పుట్టిన చోటే నిలబడి, ఆ ఎర్ర పోగుల సంగతి తనే చెప్పాడు. డ్రైవరన్న తాత పోయేదాకా మా బండి నడిపాడు.

బానెట్ ముందు నేను నిలబడే ఆ నిమిషం తాతదే. చివరగా దీన్ని ముట్టుకున్నది ఎవరు, నేనే కదా, ఏం చేశాను అని తలుచుకుంటాను. సగం సార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఇంట్లో కోడలి మీదో మనవరాళ్ల మీదో మాట తూలబోయినప్పుడు కూడా నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది. అక్కడ తుండు లేదు, చీర కొంగే ఉంది. దాన్ని పట్టుకుని ఆగిపోతాను.