తునికి పొద, నా ఎడమ కాలు

మరైగూడ దగ్గర మా ఊళ్లో బీడీకి తునికాకు రావాలంటే ముందు పొదను చంపినంత పని చెయ్యాలి. ఎండలు ముదరకముందే గొడ్డలితో నేలకి కొట్టేస్తారు. అప్పుడే మొదట్లోంచి కొత్త కొమ్మలు తన్నుకొచ్చి లేత ఆకు వేస్తాయి. నాలుగో తరగతిలో ఉండగా, నాయన నరుకుతుంటే కొమ్మల్ని కాలితో తొక్కిపట్టడం నా పని.

ఒకరోజు గొడ్డలి రాయికి తగిలి జారింది. నా ఎడమ చీలమండ పైన ఎముకలోకి దిగి ఇరుక్కుంది. నాయన దాన్ని ఊడలాగిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అమ్మ నన్ను నేలకి అదిమిపట్టింది. ఆయన గడ్డిచామంతి ఆకు నలిపి గాయంలోకి కుక్కాడు. రక్తం వచ్చేదాకా ఆయన మణికట్టు కొరికాను.

"అస్పతాల్‌కు పోదాం," అంది అమ్మ.

"ఏంది పోయేది?" అని కసిరి, నాయన నావైపు తిరిగాడు. "కొట్టిన కాడ్నే జోరుగా పెరుగుతది బిడ్డా. తునికిని సూస్తలేవా?"

వేసవికి పొద చిగిర్చింది, నా గాయమూ కొత్త కండతో పూడింది. నాయన అందరికీ చూపించి మురిసిపోయాడు. కానీ కుడికాలు పెరుగుతూ పోయింది, ఎడమది వెనకబడింది. అదే అందుకుంటుందిలే అని ఆయన ఏళ్లు నెట్టాడు. బడిలో నా నడకను వెక్కిరించినవాడి పన్ను రాలగొట్టాను.

చివరికి భద్రాచలంలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకి పెట్టి చెప్పాడు. "ఒక కణం రెండుగా చీలుతది, ఆ రెండూ మళ్లీ చీలుతయి. చెట్టయినా మనిషయినా పెరిగేది అట్లనే. తునికికి మొదట్ల, వేర్లల్ల ఎన్నో మొగ్గలుంటయి, ఒకటి పోతే ఇంకోటి లేస్తది. పిల్లల ఎముక పొడుగయ్యేది చివర్లల్లనే. గొడ్డలి ఆడనే పడ్డది. కండ పూడింది గానీ, ఆ చివర ఇంక పెరగదు. అప్పుడే తెస్తే ఏమన్న చేసేటోళ్లం."

 ఇంటికి రాగానే నాయన గడ్డపార తీసుకుని ఆ పొదమీద పడ్డాడు. బూతులు తిడుతూ వేర్లు పెకలించి, చీల్చి, మంటలో వేశాడు. నాకు జాలి కలగలేదు. ఇంకా కొట్టు, అనుకున్నాను.

మరుసటి ఏడు నేలలో మిగిలిన వేర్లనుంచి ఆ గుంట చుట్టూ కొత్త మొక్కలు లేచాయి. నాయన గొడ్డలి పట్టుకుని వాటి ముందు నిలబడ్డాడు. చెయ్యి లేవలేదు. గొడ్డలి లాక్కున్నాను.

"కాలు దూరం పెట్టు నాయినా," అని అన్నింటినీ నేలకి కొట్టేశాను.

ఆ వేసవి మా ఊళ్లో అన్నిటికంటే పెద్ద ఆకు వాటిదే. కుంటుకుంటూ నేనే కోశాను.