అనసూయ మేడం ముందు నా ముద్ర
ఇంక్ ప్యాడ్ మూత తీయగానే వచ్చే ఘాటు వాసన నన్ను ఇప్పటికీ హనుమకొండలో అనసూయ మేడం ఆఫీసు గదికి తీసుకుపోతుంది. ఆమె నోటరీ. రఘునాథపల్లి రైతు కూతురిని నేను, ఆమె దగ్గర జూనియర్ లాయర్‌గా చేరాను.

ఒకనాడు బట్టల దుకాణం శంకరయ్య ఒక కాగితం తెచ్చాడు. ఇంట్లో తనకు వాటా వద్దని చెల్లెలు ఒప్పుకున్న అఫిడవిట్ అది.

"చెల్లె ఘన్‌పూర్‌ల ఉంటది మేడం. సంతకం పెట్టిచ్చుకొచ్చిన. జర ముద్ర కొట్టుండ్రి."

"ఆమెను తోలుకొని రాండ్రి. నా ముందట సంతకం చెయ్యాలె."

అతడు విసురుగా వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత చెల్లెలితో వచ్చాడు. మేడం కాగితం చదివి వినిపించగానే ఆమె ముఖం పాలిపోయింది.

"కరెంటు మీటరు కాయితమంటివి గదనే అన్నా. వాటా వద్దని నేనెప్పుడన్న?"

శంకరయ్య తల దించుకున్నాడు. ఆ కాగితాన్ని తనే చించేశాడు.

నా ప్రాక్టీసు ఏడేళ్లు నిండిన రోజున మేడం నోటరీ దరఖాస్తు ఫారం నా ముందు పెట్టారు. మామూలుగా పదేళ్లు కావాలి, ఆడవాళ్లకు ఏడు చాలు.

"నోటరీ అంటె పెద్ద పెద్ద సార్లకే గద మేడం?" అన్నాను.

"వాళ్లేమన్న ఆకాశంల నుంచి పడ్డరా? నింపు."

ఫారం మీద మేజిస్ట్రేటు, బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఊళ్లో పేరున్న మరో ఇద్దరు సంతకాలు చేయాలి. వ్యాపారి సంతకానికి మేడం నన్ను శంకరయ్య దగ్గరికే పంపారు. భయపడుతూనే వెళ్లాను. ఆయన ఫారం చదివి, నా వైపు చూశాడు.

"మేడం శిష్యురాలివా బిడ్డా? ఆనాడు ఆమె ముద్ర కొట్టి ఉంటె, మా చెల్లె మళ్ల నా గడప తొక్కకపోతుండె." వెంటనే సంతకం చేశాడు.

అనుభవ పత్రం సరిగా లేదని మొదటిసారి దరఖాస్తు తిరిగొచ్చింది. సరిచేసి మళ్లీ పంపాను. ఇంటర్వ్యూ అయిన కొన్ని నెలలకు సర్టిఫికెట్ చేతికి వచ్చింది. మేడం కోర్టు వరండా అంతా తిరిగి, ఎదురైన వాళ్లందరికీ చెప్పారు. నా కొత్త గది ముందు పెట్టిన బోర్డు మీది అక్షరాలను మా నాయన కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు.

వారం తర్వాత మేడం నా గదికి వచ్చి వరుసలో నిలబడ్డారు. ఇంటిపేరులో పడిన తప్పు దిద్దుకోవడానికి ఆమెకు అఫిడవిట్ కావాలి; సొంత కాగితం మీద తనే ముద్ర వేసుకోకూడదు. కుర్చీ ఇవ్వబోతే వద్దన్నారు. వంతు వచ్చింది. ఇన్నేళ్లుగా తెలిసిన మనిషిని గుర్తింపు కార్డు అడగాలంటే మొహమాటమేసింది. అయినా అడిగాను.

"మేడం, ఆధార్ కార్డు చూపెట్టుండ్రి."

ఆమె కార్డు తీసి బల్ల మీద పెట్టారు. అంత తృప్తిగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఇగ నువ్వు నోటరీవైనవు," అన్నారు.

ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ గోడ మీద ఉంది. మేడం అన్న ఆ మాట మాత్రం రోజూ నాతోనే కోర్టుకు వస్తుంది.