మోకాలెత్తు మెరక

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్ సాంబారు తిని ప్రాణాలతో బయటపడ్డాను. ఆ తరవాత పరలోకం నుంచి ఎవరొచ్చినా పెద్దగా బెదరనని నా ధీమా. చిన్నప్పుడు మా బామ్మ కొరివి దయ్యం కథ మొదలెడితే మధ్యలో ప్రశ్నలు వేసి ఆవిణ్ణి ముగించనిచ్చేవాణ్ణి కాదు. కాబట్టి ఇది చదివి నన్నెవరైనా ఆటపట్టిస్తే తప్పు పట్టను. వాళ్ళ స్థానంలో నేనుంటే ఇంకా బాగా ఆటపట్టించేవాణ్ణి.

ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ కంప్యూటర్ గేములు తయారుచేసేది. ఆఫీసులో మనుషుల కంటే కుర్చీలు తక్కువ కావడంతో నలుగురిని ఇంటి నుంచే పని చెయ్యమన్నారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. రాజమండ్రిలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని కూర్చున్నాను.

నా పని నేలని తయారుచెయ్యడం. ఆటలో మనిషి నడవాలంటే కాళ్ళ కింద ఏదో ఒకటి ఉండాలి కదా. హైట్‌మ్యాప్ అని ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది. అందులో తెల్లగా ఉన్నచోట ఎత్తు, నల్లగా ఉన్నచోట పల్లం. ఒక బ్రష్ తీసుకుని మౌసుతో రుద్దితే కొండ లేస్తుంది, ఇంకోదానితో రుద్దితే లోయ పడుతుంది, మరోదానితో రుద్దితే అంతా సాఫవుతుంది. దేవుడికి ఆరు రోజులు పట్టిన పనికి నాకు మూడు నెలలు గడువిచ్చారు.

చిక్కేమిటంటే మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది నూర్పిళ్ళప్పుడు పోసే ధాన్యం రాశి. నేను చెక్కిన కొండలన్నీ అలాగే వచ్చేవి. నది సంగతి ఇంకా ఘోరం. మా వైపు ఏరు ఎత్తులో ఉంటుంది, పొలాలూ ఇళ్ళూ గట్టు కింద పల్లంలో ఉంటాయి. ప్రపంచమంతా అంతేననుకుని అలాగే చెక్కి పంపాను. మా టీమ్ లీడ్ ఇర్ఫాన్ గారు వెంటనే ఫోన్ చేశారు.

"ఏంది భయ్ ఇది? నది పైన, ఊరు కింద? నీళ్ళు మిద్దె మీద పారుతయా?"

"మావైపు అంతేనండి. గట్టెక్కితేగానీ ఏరు కనపడదండి."

"మరి మీ దిక్కు జనం ఎట్ల నిద్రపోతరు?"

"అలవాటండి."

వింతేమిటంటే క్లయింటుకి ఆ తప్పే నచ్చింది. నదిని అక్కడే ఉంచి, మధ్యలో ఒక లంక, అంటే ఏటి నడుమ దీవి, కూడా వెయ్యమన్నాడు. లంకకి ముందు ఏదో ఒక అంకె ఇస్తే సాఫ్ట్‌వేరే తనకి తోచిన మిట్టపల్లాలు పరుస్తుంది. ఆ తరవాత మనం చెక్కుకోవాలి. నేను కళ్ళు మూసుకుని కీబోర్డు మీద వేళ్ళు ఆడించాను. ఏ అంకె పడిందో రాసుకోలేదు. ఇప్పుడు దానికోసం జుట్టు పీక్కుంటున్నాను.

ఇంటి ఓనరు దీనమ్మ గారు రిటైరైన టీచరు. కింద వాటాలో ఒక్కరే ఉండేవారు. ఆవిడ పుట్టింది యానాం దారిలో ఒక లంకలో. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. లంకలోనే, చర్చి పక్కన సమాధి చేశారు. మరుసటేడు వరదల్లో గోదావరి ఆ లంకని కోసేసింది. ఇళ్ళు, చర్చి, సమాధులు, అన్నీ పోయాయి. తల్లి ఫోటో కూడా లేదు.

నవంబరులో సమాధుల పండగ వస్తుంది. అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. దీనమ్మ గారు మాత్రం బస్సెక్కి, ఒకప్పుడు ఆ లంకకి పడవలు వెళ్ళిన పాత రేవుకి వెళ్ళి నీళ్ళ ముందు నిలబడతారు. ఈ లంక పనికి ముందటేడు సంచీ మోయడానికి నన్ను తీసుకెళ్ళారు. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని కాస్త ఎడమకి తిరిగారు, కాస్త కుడికి తిరిగారు. ఎటూ తేలక చివరికి తన కాళ్ళ దగ్గర మెట్టు మీదే పెట్టేశారు.

"ఎటు చూసి నిలబడాలో తెలీదు బాబూ. ఒక్కోసారి మా అమ్మకి వీపు పెట్టి నిలబడ్డానేమో అనిపిస్తుంది."

ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకోదు. "గోదావరి మొత్తం మీ అమ్మగారిదే అనుకోండి మేడమ్ గారూ" అన్నాను.

"మా అమ్మ ఒక్క మనిషే" అన్నారావిడ. "గోదావరంత కాదు."

తిరిగొచ్చే దారిలో నేను మళ్ళీ జోకు వెయ్యలేదు. నా జీవితంలో అది అరుదైన ప్రయాణం.

ఇక ఆటలో లంక సంగతి. పంపిన వారానికి టెస్టింగ్ వాళ్ళ నుంచి తప్పుల జాబితా వచ్చింది. అందులో ఒకటి: లంక ఉత్తరపు కొసన నడుస్తుంటే ఒకచోట ఆటలో మనిషి ఉన్నట్టుండి మోకాలెత్తు పైకి లేస్తున్నాడు, సరిచెయ్యండి. చూశాను. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పున చిన్న మెరక. చెయ్యి జారి బ్రష్ తగిలి ఉంటుందనుకుని సాఫు చేసి పంపాను. మూడు రోజులకి అదే తప్పు మళ్ళీ వచ్చింది. మళ్ళీ సాఫు చేశాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఇర్ఫాన్ గారే అడిగారు, "నిజంగ చేస్తున్నవా, చేసిన అని రాస్తున్నవా?" అని. నా గతం దృష్ట్యా న్యాయమైన ప్రశ్నే.

ఒకరోజు మధ్యాహ్నం దీనమ్మ గారు పళ్ళెంలో జంతికలు తీసుకుని పైకి వచ్చారు. తెర మీద లంక ఉంది, పైనుంచి చూస్తున్నట్టు. ఆవిడ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముప్పై ఏళ్ళపాటు పిల్లల నోళ్ళు మూయించిన మనిషి తానే నోరు మెదపకపోతే చూడ్డానికి భయంగా ఉంటుంది.

"ఇది నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి. నేనే చేశాను. ఆట కోసమండి."

"ఇది మా లంక."

"అయితే పట్టా చూపించండి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. పళ్ళెం కింద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను ఇంజనీరుని కాబట్టి పరీక్ష పెట్టాలనుకున్నాను. మర్నాడు ఆవిడకి చెప్పకుండా బొమ్మని అద్దంలోలాగా కుడి ఎడమలు మార్చేసి పిలిచాను. చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"ఏంటి, తిరగేశావా? పరీక్షలు పెట్టడం నా ఉద్యోగం బాబూ, నీది కాదు."

తెర ఆపేసి, చర్చి క్యాలెండరు కాగితం వెనక ఆవిడ చేత లంక గీయించాను. రేవుకెదురుగా ఒడ్డు, దారి, బావి, బడి, చర్చి. ఉత్తరపు కొసన ఒక చిన్న సిలువ గుర్తు. అది తల్లి సమాధి. ఆవిడ కిందికి వెళ్ళాక ఆ కాగితాన్ని, నా బొమ్మ ప్రింటునీ కలిపి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. సిలువ సరిగ్గా ఆ మెరక మీద పడింది.

నాకు చెమట పట్టింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిందనుకుని సరిపెట్టుకున్నాను. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతోంది.

ఆవిడ మాట విని నేనే ఆ మెరక పెట్టానని మీరనవచ్చు. నేనూ అదే అనుకుందామని చూశాను. కానీ టెస్టింగ్ వాళ్ళ మెయిల్ అంతకు మూడు వారాల ముందు వచ్చింది. చనిపోయినవాళ్ళు తప్పుల జాబితాలోకి ఎక్కడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ సాయంత్రం ఆవిడని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆటలో మనిషి కంటితో చూసినట్టు పెట్టి, లంక ఒడ్డున వదిలాను. బాణం గుర్తు కీలు చూపించాను. ఆవిడ ఒక్క వేలితో నొక్కుతూ నడిచారు. అప్పటికి అక్కడ గడ్డి లేదు, చెట్టు లేదు, రంగే లేదు. ఉత్త బూడిదరంగు నేల. అయినా ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా పోతున్నావిడ మధ్యలో ఉన్నట్టుండి పక్కకి తిరిగి, ఖాళీ నేల చుట్టూ అరచక్రం కొట్టి, మళ్ళీ దారిలోకి వచ్చారు.

"అక్కడేముందండీ?"

"బావి. దానికి గట్టు లేదు. చుట్టూ తిరిగి రమ్మని మా అమ్మ కేకలేసేది."

 అరవై దాటిన మనిషి తొమ్మిదేళ్ళ పిల్లగా జాగ్రత్తపడి, లేని బావిని తప్పించుకుని నడవడం నేను నా కళ్ళతో చూశాను. 

ఉత్తరపు కొసకి వచ్చేసరికి తెర మీద నేలంతా మెల్లగా కిందికి జారింది. ఆటలో మనిషి మోకాలెత్తు పైకెక్కాడన్నమాట. దీనమ్మ గారు కీ మీంచి వేలు తీసేశారు. తరవాత అడిగారు, "ఇక్కడినుంచి రేవు ఎంత దూరం?"

రేవు ఎక్కడో ఆవిడ చేత ఎదుటి ఒడ్డు మీద గుర్తు పెట్టించి, కొలిచి చెప్పాను. ఆరు వందల మీటర్ల పైన కాస్త. రేవు నుంచి చూస్తే ఈశాన్యం.

ఇర్ఫాన్ గారికి ఫోన్ చేసి, ఆ మెరకని పండగ వెళ్ళాక తీసేస్తానన్నాను. "దీపావళి అయిపోయింది గదా, ఇంకేం పండగ?" అన్నారు. సోమవారం దాకా ఆగుతానని, "ఆ తర్వాత నువ్వే ఉండవ్" అని చెప్పారు. నేనంటే నా ఉద్యోగం.

పండగనాడు పొద్దున్నే రేవులో పోలయ్య అనే అతని పడవ మాట్లాడుకున్నాం. దిక్కుకి పుస్తకాల షాపులో కొన్న దిక్సూచి. దూరానికి నా సొంత పద్ధతి: పడవ ఇరవై అడుగులుంటుంది, ముందు కొస దగ్గర ఒక బంతిపూల రేకు నీళ్ళలో వేస్తాను, అది వెనక కొసకి వస్తే ఒక పడవ దూరం. నూరు పడవలు దాటాలి. సర్వే వాళ్ళు చూస్తే ఉద్యోగాలు మానేస్తారు.

యాభై దాటాక పోలయ్య పడవ తోసే గెడ నిలువునా దించి చూపించాడు. మొత్తం మునిగింది. "ఆయ్, ఇక్కడ గెడ అందదండి. నలుగురు మనుషుల లోతు. మా నాన్న కాలం నించీ ఇంతేనండి."

నూటరెండో రేకు వేశాను. అది వెనక కొసకి రాలేదు. పడవ ఆగింది. కుదుపు లేదు; ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు మెత్తగా ఆగింది.

పోలయ్య తెడ్డు పక్కన పెట్టి గెడతో పడవ చుట్టూ పొడిచి చూశాడు. ముందు వైపు నేల తగిలింది, మోకాలి లోతులో. అటు జరిగి పొడిస్తే గెడ మునిగిపోయింది. ఇటు జరిగినా మునిగిపోయింది. నాలుగు వైపులా పొడిచి, చేతులతో అంత పొడవు, ఇంత వెడల్పు అని చూపించాడు. ఒక మనిషి పడుకుంటే పట్టేంత.

"ఇదేంటండి బాబూ! ఇక్కడ మెరకేంటండి?"

నేను పూల సంచీ దీనమ్మ గారి పక్కకి జరిపాను. 

దీనమ్మ గారు ఎటు తిరగాలని అడగలేదు. పడవ అంచు మీదుగా వంగి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచారు. చెయ్యి అక్కడే ఉంచి, "వచ్చానమ్మా" అన్నారు. అంతే. తరవాత పూలు వదిలి, పడవ కొసన కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థన చేసుకున్నారు. చుట్టూ అంత గోదావరి కదులుతోంది, మేం మాత్రం కదలడం లేదు. నేను ఏడాదికి పైగా నేలలు పుట్టిస్తున్నాను. నేలంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

కొవ్వొత్తి అయిపోయాక పడవ దానంతటదే కదిలింది. పోలయ్య వెంటనే గెడ దించాడు. మొత్తం మునిగింది.

"సముద్రం పోటొచ్చిందండి" అన్నాడు. తనే కాసేపాలోచించి, "పోటే అనుకుందారండి" అన్నాడు. పోటుకి నీళ్ళు మోకాలెత్తు పెరగవచ్చు. గెడంత పెరగవని అతనికి నాకంటే బాగా తెలుసు.

ఆదివారం ఆ మెరకని సాఫు చేద్దామని ఫైలు తెరిచాను. అక్కడేమీ లేదు. చదునుగా ఉంది. ఇర్ఫాన్ గారు చూసి, "ఇప్పుడు క్లీనుంది భయ్. ఎప్పుడు చేసినవ్?" అని మెచ్చుకున్నారు. చెయ్యని పనికి మెప్పు తీసుకోవడం నాకు కొత్తకాదు కాబట్టి ఊరుకున్నాను. ఉద్యోగం నిలిచింది.

గోదావరిలో ఇసుక మేటలు లేస్తాయి, పోతాయి. చిన్నప్పుడు పోగొట్టుకున్న ఊరు మనిషికి ఏ బొమ్మలోనైనా కనిపించవచ్చు. ఫైలు సరిగా సేవ్ కాక మెరక మళ్ళీ మళ్ళీ వచ్చి ఉండవచ్చు. విడివిడిగా అన్నిటికీ సమాధానం చెప్పగలను. అన్నీ కలిసి ఒక్క ఆవిడ కోసమే ఎందుకు జరిగాయంటే మాత్రం నా దగ్గర సమాధానం లేదు. మెరక ఉన్నప్పటి ఫైలు ఒక సీడీలో ఎక్కించి దాచాను. ఇంతవరకు తెరిచి చూడలేదు. తీరిక లేదని చెబుతుంటాను.

తరవాతి ఏడు కూడా సంచీ మోయడానికి వెళ్ళాను. దీనమ్మ గారు రేవు మెట్ల మీద నిలబడి, ఒక్కసారైనా అటూ ఇటూ తిరగకుండా, తిన్నగా ఈశాన్యానికి చూశారు. ఆవిడ వెనక నిలబడి నేనూ అటే చూశాను. ఏదైనా జోకు తోస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా.