విమానం ముందు కొట్టిన కొబ్బరికాయ

మా అమ్మాయి చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడు కాదు, పదహారు నిండిన వారానికే... ఒక శనివారం పొద్దున విమానం ముందు నిలబడి నేనో కొబ్బరికాయ కొట్టాను.

అరిజోనాలో మా ఊరి సిటీ వాళ్ళదే ఆ చిన్న ఎయిర్‌పోర్టు. నీళ్ళ బిల్లు, చెత్త బండి, లైబ్రరీ, ఎయిర్‌పోర్టు... అన్నీ ఒకే ఆఫీసు. నా చదువంతా ఆ లైబ్రరీలోనే అయింది... ఆ సంగతి ఎత్తితే ఇవాళ తెమలదు. రెండు సీట్ల, నాలుగు సీట్ల విమానాలు, ఒక ఫెన్సు, చిన్న కంట్రోల్ టవర్, పేరు చెబితే గేటు తీసే మనుషులు... అంతే.

ఆ రోజు మా హారిక మొదటిసారి ఒంటరిగా విమానం నడపాలి. లేవాలి, ఒక చుట్టు తిరగాలి, దిగాలి... ఇలా మూడుసార్లు. నేర్పించే పెద్దాయన డేవ్ ఏవో కాగితాల కోసం లోపలికి వెళ్ళాడు.

కొత్త స్కూటర్‌కే కాయ కొడతామే, విమానానికి కొట్టొద్దా? "నాన్నా ప్లీజ్, ఇక్కడ వద్దు" అంది హారిక. నిమ్మకాయలు చాలంది మా ఆవిడ. నేను వింటేనా... కాంక్రీటు మీద బలంగా కొట్టి, గబగబా ముక్కలేరి సంచిలో వేశాను.

డేవ్ వచ్చాడు. హారిక ఎక్కింది. విమానం లేచింది. నేనింకా దండం పెడుతూనే ఉన్నాను... డేవ్ కింద పీచు చూశాడు.

ఆయన గొంతు పెంచలేదు. ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు నేల మీదున్నదాన్ని పైకి లాగేస్తుందట. చిన్న ముక్క తగిలినా దాని రెక్క చిట్లొచ్చు, ఇంజను అదిరిపోవచ్చు. "ముక్కలన్నీ ఉన్నాయా?" అన్నాడు.

కాయ కొట్టి ముక్కలు లెక్కపెట్టే తండ్రిని మీరెక్కడైనా చూశారా...

ఆయన నేల మీద కూర్చుని, సంచి బోర్లించి, పెంకులన్నీ ఒకదానికొకటి అతికించి చూశాడు. బొటనవేలంత ఖాళీ మిగిలింది. వెంటనే రేడియోలో టవర్ వాళ్ళకి చెప్పాడు... ఈ చుట్టు కాగానే పిల్లని ఆపేయమని.

మా ఆవిడ వంగి కాంక్రీటంతా వెతకసాగింది.

దూరంగా ఇంజను శబ్దం సన్నగా వినిపిస్తోంది. దాన్నే పట్టుకుని నిలబడ్డాను. విమానం రన్‌వే వైపు తిరిగింది... శబ్దం ఒక్కసారిగా తగ్గిపోయింది. దిగేటప్పుడు అలాగే తగ్గిస్తారట. నాకేం తెలుసు... ఇంజనే ఆగిపోయిందనుకున్నాను.

చక్రాలు నేలను తాకాయి. ఒకసారి ఎగిరి, మళ్ళీ తాకాయి.

ఇంజను ఆగాక డేవ్ ప్రొపెల్లర్ అంచు పొడవునా అరచేత్తో తడిమాడు. గీత కూడా లేదు. ఎందుకు ఆపారో చెప్పగానే హారిక జేబులోంచి చిన్న పెంకు తీసింది.

"ఇదా? కొబ్బరి తినేశాను నాన్నా. బ్రేక్‌ఫాస్ట్ లేదు కదా."

డేవ్ ఆ పెంకుని ఖాళీలో పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. ఆమెకి రెండు వేళ్ళు చూపించాడంతే. ఇంకా రెండు చుట్లు.

హారిక నావైపు చూడకుండానే తలుపు వేసుకుంది.

ఇప్పుడు పిల్లలు ఎటు వెళ్ళినా ఫోన్ మ్యాప్‌లో చుక్కై కనిపిస్తారు... చుక్క కదులుతుంటే మనకి ధైర్యం. ఆ రోజు నాకున్నదల్లా తల పైకెత్తి వినడమే... అలా వినడం మళ్ళీ ఎప్పుడూ చేతకాలేదు. మీ పిల్లల్ని మొదటిసారి ఒంటరిగా వదిలిన రోజు, మీరెక్కడ నిలబడ్డారు?