మాస్టారు పంపిన పన్నెండు బొమ్మలు

మాస్టారి జ్ఞాపకార్థ కూడిక అయ్యాక సునీత సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. కన్ను, గుండె, మూత్రపిండం, విద్యుత్ గంట. మొత్తం పన్నెండు సైన్సు బొమ్మలు.

"చివరికి నేర్చేసుకున్నారండి మాస్టారు. నెట్‌లో ఆయనే పంపారు" అంది.

పై కాగితం మీద మెయిల్ పంపిన తేదీ అచ్చయింది. గురువారం. మాస్టారు పోయింది బుధవారం. గురువారం ఆయన్ని సమాధి చేస్తుంటే నేనక్కడే ఉన్నాను. మాస్టారు ఆ బొమ్మలు గీసిన నోటుపుస్తకం అప్పుడు బయట నా స్కూటరు డిక్కీలో ఉంది.

"పోయే ముందు పంపుంటారు. మా ఏజెన్సీ కొండల్లోకి ఏదొచ్చినా ఆలస్యమే కదండీ" అంది సునీత, నేను తేదీ చూపిస్తే.

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను పేరేంటి, ఊరేంటి, చూసిందెవరని అడిగి విసిగించే మనిషిని నేను. ఏళ్ల తరబడి పత్రికకు వార్తలు రాసి రాసి అబ్బిన అలవాటది. అలాంటి కబురు ఏదీ నా రెండో ప్రశ్న దాకా నిలబడలేదు. ఇది నిలబడింది.

మా వైపు నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. ప్రకాశరావు మాస్టారు రావులపాలెం పక్క ఊళ్లో సైన్సు చెప్పేవారు. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. ఆయన దగ్గర చదువుకున్న సునీత మారేడుమిల్లి అవతల ఒక బడిలో టీచరైంది. అక్కడ ల్యాబు లేదు, చార్టుల్లేవు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. బొమ్మలు తాను గీసి పంపుతానని మాస్టారు మాటిచ్చారు. నెట్‌లో పంపితే ఎన్ని ప్రింట్లైనా తీసుకోవచ్చని ఎవరో చెబితే, ఆ వయసులో అది నేర్చుకోవాలని పట్టుబట్టారు.

నేను వార్తలు పంపే సెంటరుకే వచ్చేవారు. మెయిల్ ఖాతా నేనే తెరిచిపెట్టాను. పాస్‌వర్డ్ గుర్తుండదని నన్నే రాసి ఉంచుకోమన్నారు. మొదటి రోజు మెయిల్ అడ్రసు ఇవ్వాల్సిన చోట సునీత పేరు, బడి పేరు, వయా మారేడుమిల్లి, పిన్‌కోడుతో సహా టైపు చేశారు. అరగంట పట్టింది.

సెంటరు నడిపే రమణ కూడా ఆయన శిష్యుడే. "మాస్టారూ, స్టాంపు అంటించడం మర్చిపోయారండి" అన్నాడు.

"నీ పదో తరగతి సైన్సు మార్కులు ఇక్కడ అందరికీ చెప్పమంటావేంట్రా?" అన్నారాయన తెర మీంచి చూపు తిప్పకుండా.

రాజమండ్రిలో మా ఆఫీసులో స్కాన్ చేయించుకొస్తానని నోటుపుస్తకం నేనే తీసుకున్నాను.

"పంపడం మాత్రం నన్ను పంపనివ్వండి. మీరు పంపేస్తే నేను నేర్చుకున్నట్టు కాదు కదండీ" అన్నారు.

ప్రతి బొమ్మకూ కుడివైపు పైమూల, నల్లబల్ల మీద రాసినట్టే, రోలు, హాజరు అని రాసి అంకెల చోటు వదిలేశారు. ఎందుకలా అని అడిగాను.

"ఎంతమంది వచ్చారో ఇక్కణ్నుంచి నాకేం తెలుసండి? అమ్మాయి వేసుకుంటుంది" అన్నారు.

పుస్తకం మూడు వారాలు డిక్కీలోనే ఉంది. ఒకరోజు ఎవరిదో పర్యటన, మరోరోజు ఏదో ప్రమాదం. మధ్యలో ఒకసారి జొన్నాడలో టీ తాగుతూ దాన్ని బయటికి తీసి గుండె బొమ్మ మీద టీ ఒలకబోశాను.

ఒక సోమవారం మాస్టారు సెంటర్లో కనిపించి "స్కాన్ అయ్యిందాండీ?" అన్నారు.

"అయిపోయిందండి. ఆదివారం కూర్చుందాం" అన్నాను.

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకింకా గుర్తుంది. ఆయన సంబరపడిపోయారు. రెండ్రోజులకే, బుధవారం, గుండెపోటు.

కూడిక దగ్గర సునీత ఇచ్చిన కాగితాలు ఒక్కొక్కటే చూశాను. గుండె బొమ్మ మీద నా టీ మరక ఉంది. పైమూల ఖాళీలు మాత్రం నిండి ఉన్నాయి. రోలు 31, హాజరు 28. మాస్టారి చేతిరాతే.

"శనివారం రంపచోడవరం దిగి ప్రింటు తీసుకున్నానండి. అప్పటికి ఆయన పోయిన కబురు నాకు తెలీదు" అంది సునీత. "సోమవారం క్లాసులో పెడితే ముగ్గురు జ్వరాలతో రాలేదు. సరిగ్గా ఇరవై ఎనిమిది మందే. ఈయనకెవరు చెప్పార్రా అనుకున్నా."

వెళ్లి డిక్కీలోంచి పుస్తకం తీశాను. మరక ఉంది. అంకెల చోటు అన్ని పేజీల్లోనూ ఖాళీగానే ఉంది.

తర్వాత రమణను అడిగాను. ఆయన్ని చివరిసారి చూసింది పోయే ముందు సోమవారమే అన్నాడు. మా ఆఫీసు స్కానరు దగ్గరికి ఆ పుస్తకం వెళ్లనే లేదు. సునీతకు ఇవేవీ చెప్పలేదు. చెప్పాలంటే నా అబద్ధం దగ్గర మొదలుపెట్టాలి. మాస్టారు నేర్చుకున్నారనే ఆమె ఇప్పటికీ అనుకుంటోంది.

కూడిక మర్నాడు ఆయన ఖాతా తెరిచాను. పంపినవాటిలో ఏమీ లేదు. వచ్చినవాటిలో ఒక్కటే ఉంది. బొమ్మలు అందాయండి, పిల్లలకు మీ పేరు చెప్పి చూపిస్తాను అని సునీత ఆ శనివారం రాసిన జవాబు.

ఎవరూ తెరవని మెయిల్ అయితే లావు అక్షరాల్లో కనిపిస్తుంది. నేను తెరవకముందే అది సన్నటి అక్షరాల్లో ఉంది. నాకంటే ముందే దాన్నెవరో చదివారు.